ఎన్ఓఎస్ టెలెటెక్స్ట్: నెదర్లాండ్స్‌లో నా రోజు మొదలయ్యే 101వ పేజీ

ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్‌కు వచ్చిన తెలుగువారు ఎవరైనా ఇక్కడి వార్తలకు ఏది చూడాలని అడిగితే, ముందుగా ఎన్ఓఎస్ టెలెటెక్స్ట్ యాప్ వేసుకోమంటాను. ఎన్ఓఎస్ ఇక్కడి ప్రజా ప్రసార వ్యవస్థలో వార్తలను, క్రీడలను చూసుకునే సంస్థ. టెలెటెక్స్ట్ అంటే రిమోట్‌లో పేజీ సంఖ్య నొక్కితే టీవీ తెర మీద అక్షరాల్లో వచ్చే వార్తల పేజీలు. 1980 ఏప్రిల్ 1న మొదలై నలభై ఏళ్లు దాటినా, అది పాత రూపంతోనే ఫోన్‌లోనూ కొనసాగుతోంది. నల్లని తెర, దాని మీద గళ్లుగళ్లుగా కనిపించే రంగు అక్షరాలు, వరుసకు 40 అక్షరాలకు మించని చోటు. ఫొటోలు, వీడియోలు ఏమీ ఉండవు. యాప్ ఉచితం.

నేను 2013లో ఐండ్‌హోవెన్ వచ్చినప్పుడు రైల్వే స్టేషన్లలో మెట్రో, స్పిట్స్ అనే రెండు ఉచిత పత్రికలు దొంతరలుగా ఉండేవి. రైలెక్కేటప్పుడు ఒకటి తీసుకునేవారు, దిగేటప్పుడు సీటు మీద వదిలేసేవారు, ఆ తర్వాత కూర్చున్నవారు దాన్ని తెరిచేవారు. నాకు డచ్చి భాష ఒక్క ముక్క రాకపోయినా, ఎదుటి సీటులోని మనిషి చదువుతున్న పేజీలో పెద్ద అక్షరాల శీర్షిక కంటపడేది, అదే మాట కాసేపటికి ఆఫీసులో కాఫీ మిషన్ దగ్గర చెవిన పడేది. స్పిట్స్ 2014లో ఆగిపోయింది, మెట్రో ముద్రణ 2020లో నిలిచిపోయింది. ఇప్పుడు రైల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లే కాబట్టి, పక్కవారు ఏం చదువుతున్నారో మనకు తెలియదు. మన ఫోన్‌లోకి మన ఊరి వార్తలు, తెలుగు చానళ్లు నిమిషాల్లో వచ్చేస్తాయి. దాంతో ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటూ ఇక్కడి వార్త ఒక్కటీ చదవకుండా గడిపేయడం మునుపెన్నడూ లేనంత తేలికైంది. పన్ను కట్టేది, పిల్లలను చదివించేది ఈ దేశంలోనే అయినప్పుడు, ఇది చిన్న విషయమని నేను అనుకోను.

2019 అక్టోబరు 1న రైతులు ట్రాక్టర్ల మీద హేగ్ నగరానికి తరలివెళ్లారు. రోడ్లు నిండిపోయి ఆఫీసుకు ఆలస్యంగా వచ్చినవారందరికీ అసలు గొడవేమిటో తెలుసు, నాకు మాత్రం తెలియదు. ఆ సాయంత్రమే టెలెటెక్స్ట్ వేసుకున్నాను. 101వ పేజీలో శీర్షికలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి; ప్రతి శీర్షిక తర్వాత చుక్కల వరుస, చివర పేజీ సంఖ్య. వాటిలో ‘స్టిక్‌స్టోఫ్’ అన్న మాట మళ్లీ మళ్లీ కనిపించింది. నత్రజని అని దాని అర్థం. పశువుల పెంపకం వంటి వాటి నుంచి వెలువడే నత్రజని సమ్మేళనాలు రక్షిత ప్రకృతి ప్రాంతాలకు హాని చేస్తున్నాయి. వాటిని వెలువరించే పనులకు అనుమతులిచ్చే అప్పటి పద్ధతి చెల్లదని, ప్రభుత్వ నిర్ణయాల మీద వచ్చే వివాదాలను తేల్చే అత్యున్నత న్యాయస్థానమైన రాద్ ఫాన్ స్టాట్ ఆ ఏడాది మే నెలలో తీర్పునిచ్చింది. పశువుల పాకలతో పాటు ఇళ్ల నిర్మాణాలకూ రోడ్లకూ అనుమతులు నిలిచిపోవడానికి కారణం అదే. ఇంత చిక్కు వ్యవహారాన్ని నేను రోజుకో పేజీ చొప్పున, పక్కన నిఘంటువు పెట్టుకుని తెలుసుకున్నాను. చోటు తక్కువ కావడం వల్ల ఒక్క మాట కూడా వృథాగా ఉండదు. భాష నేర్చుకునేవారికి అంతకంటే మేలైన పాఠం దొరకదు. టీవీలో 888వ పేజీ తెరిస్తే వినికిడి లోపం ఉన్నవారి కోసం ఇచ్చే డచ్చి ఉపశీర్షికలు వస్తాయి, అవి కూడా నాకు ఎంతో ఉపయోగపడ్డాయి.

విదేశీ నిపుణులకు జీతంలో 30 శాతం వరకు పన్ను లేకుండా ఇచ్చే రాయితీ మీద చర్చ జరిగిన రోజుల్లో మన వాట్సాప్ గ్రూపుల్లో పూటకో మాట తిరిగింది. ఇక ఎత్తేశారని ఒకరు, పాతవారికి కూడా పోయిందని మరొకరు రాశారు. అసలు జరిగింది వేరు. 30, 20, 10 శాతాలుగా దశలవారీగా తగ్గించే పద్ధతిని 2024లో తెచ్చి, తర్వాత వెనక్కి తీసుకుని, 2027 నుంచి 27 శాతంగా నిర్ణయించారు. 2024కు ముందు నుంచి పొందుతున్నవారికి పాత శాతమే కొనసాగుతుంది. ఇలాంటి వాటి పూర్వాపరాలు టెలెటెక్స్ట్‌లో ఇమడవు, అది దాని పరిమితి. నేను శీర్షిక అక్కడ చూసి, వివరాల కోసం ఇంగ్లిష్‌లో వచ్చే డచ్‌న్యూస్ చదువుతాను. విశ్లేషణ కావాలంటే ఎన్ఆర్‌సీ, ఫోల్క్స్‌క్రాంట్ వంటి పత్రికలకు చందా కట్టాలి, లేదా ఊరి గ్రంథాలయంలో పత్రికల బల్ల దగ్గర కూర్చోవాలి.

డచ్చి అసలే రానివారు టెలెటెక్స్ట్ కంటే ముందు ఎన్ఓఎస్ పిల్లల కోసం 1981 నుంచి నడుపుతున్న యోఖ్ట్‌జుర్నాల్ అనే టీవీ వార్తల కార్యక్రమంతో మొదలుపెట్టడం మంచిది. మా అమ్మాయి బడిలో గ్రూప్ 6 (సుమారుగా మన నాలుగో తరగతి) చదువుతోంది, క్లాసులో దాన్ని చూపిస్తారు. ఇంటికి వచ్చాక ఆ వార్తను నాకు డచ్చిలోనే చెబుతుంది, మధ్యలో నా ఉచ్చారణ సరిదిద్దుతుంది.

మా పక్కింటి పెద్దాయన దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు. ఆయన ఉదయం లేవగానే టీవీ రిమోట్ తీసుకుని 101 నొక్కుతారు. మొన్న కాఫీకి పిలిచినప్పుడు నా ఫోన్‌లో అదే పేజీ తెరిచి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఫోన్‌ను టీవీ తెర పక్కన పెట్టి రెండింటినీ వరుసవరుసగా పోల్చి చూశారు. ఆ తర్వాత ఆ రోజు మొదటి శీర్షిక మీద మేమిద్దరం అరగంట మాట్లాడుకున్నాం.