ఇంటి దగ్గర కొలను, తులంబెన్‌లో సముద్రం: స్కూబా రిఫరల్ కోర్సు సమీక్ష

విదేశంలో మొదటిసారి స్కూబా డైవింగ్ చేయాలనుకునేవారికి రెండు దారులున్నాయి. చదువు, కొలను శిక్షణ, సముద్రపు డైవులు అన్నీ అక్కడికి వెళ్ళాకే పూర్తి చేయడం ఒకటి. చదువునూ కొలను శిక్షణనూ ఇక్కడే ముగించి, శిక్షకుడు సంతకం చేసిన రిఫరల్ పత్రం పట్టుకెళ్ళి, మిగిలిన నాలుగు సముద్రపు డైవులను మాత్రం అక్కడ చేయడం రెండోది. స్కూబా శిక్షణ సంస్థ అయిన ప్యాడీవారి ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి కోర్సును నేనూ మా వారూ ఈ రెండో పద్ధతిలో చేశాం. కొలను భాగం హైదరాబాద్‌లోని ఒక శిక్షణ కేంద్రంలో, సముద్ర భాగం బాలి ద్వీపంలోని తులంబెన్ ఊళ్ళో ఒక డైవ్ షాపులో జరిగాయి. రెండు చోట్లా రుసుము కట్టాలి కనుక మొత్తం మీద ఖర్చు కొంత పెరిగింది. అయినా మాలాగా నలభై దాటాక మొదలుపెట్టేవారికి, ఈత వచ్చినా నీటి భయం పూర్తిగా వదలనివారికి ఇదే సరైన పద్ధతి అని నా గట్టి అభిప్రాయం.

అందుకు కారణం ఒక్కటే: భయపడడానికి ఇక్కడ వ్యవధి దొరుకుతుంది. కొలనులో నేర్పే విద్యల్లో నన్ను నిలబెట్టేసింది నీటి అడుగున మాస్కు తీసి మళ్ళీ పెట్టుకోవడం. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లో ఉంది, గాలి అందుతూనే ఉంది. అయినా చన్నీళ్ళు ముక్కుపుటాలకు తగలగానే ఊపిరి బిగబట్టి పైకి లేచిపోయేదాన్ని. మొదటి ఆదివారం మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ లేచిపోయాను. మా శిక్షకుడు విసుక్కోకుండా ఒక ఇంటిపని ఇచ్చారు: బక్కెట్ నిండా నీళ్ళు పట్టి, నోట్లో స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకొని, మాస్కు లేకుండా ముఖం ముంచి, నోటితో మాత్రమే ఒక నిమిషం ఊపిరి తీయాలి. వారమంతా స్నానానికి ముందు అదే పని చేశాను. మొదటి రెండు రోజులు పది సెకన్లకే తల ఎత్తేశాను. శుక్రవారానికి ముక్కు దానంతట అదే మూసుకున్నట్టు ఊరుకోవడం తెలిసింది. రెండో ఆదివారం మాస్కు తీసి, పెట్టుకొని, ముక్కుతో గాలి వదిలి అందులోని నీటిని వెళ్ళగొట్టగలిగాను. అదే తులంబెన్‌లో మూడు నాలుగు రోజుల కోర్సులో అయితే ఆ వారం రోజుల వ్యవధి ఎవరు ఇస్తారు? తిరుగు టికెట్టు తేదీ తరుముతూ ఉంటే భయం రెట్టింపవుతుంది తప్ప తగ్గదు.

ఈత పరీక్ష గురించి ఆందోళన అక్కరలేదు. ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్కు, కాళ్ళకు తొడిగే ఫిన్‌లు, స్నార్కెల్‌తో 300 మీటర్లు; దీనికి కాలపరిమితి లేదు. ఆ తరువాత పది నిమిషాలు తేలుతూ ఉండాలి.

బయలుదేరే ముందే తప్పక చూసుకోవలసింది ఆరోగ్య ప్రశ్నావళి. ఉబ్బసం, గుండె జబ్బు, రక్తపోటు వంటి వాటి గురించి అడిగే ప్రశ్నలకు ఇచ్చిన జవాబులను బట్టి డాక్టరు పరీక్షించి సంతకం చేస్తే గాని నీళ్ళలోకి దించరు. మా వారు కొన్నేళ్ళుగా బీపీ మాత్రలు వాడుతున్నారు. మా ఫ్యామిలీ డాక్టరుకు డైవింగ్ వైద్యం కొత్త విషయం కనుక, ఆ ఫారంతో పాటు డాక్టర్ల కోసమే ఇచ్చే మార్గదర్శక పత్రాన్ని కూడా ప్రింటు తీసి ముందుంచాం. ఆయన తీరికగా చదివి, ఈసీజీ తీయించి, సంతకం చేశారు. తులంబెన్ షాపులో మా పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన ఆ సంతకం లేక, అంత దూరం వచ్చి కూడా ఒడ్డునే ఉండిపోవలసి వచ్చింది.

సామానులో మేము సొంతంగా కొన్నది మాస్కు ఒక్కటే. గాలి నింపి తేలుడును సర్దుకునే జాకెట్, రెగ్యులేటర్, మూడు మిల్లీమీటర్ల వెట్‌సూట్, లోతునూ సమయాన్నీ చూపే డైవ్ కంప్యూటర్ అన్నీ అక్కడ అద్దెకు తీసుకున్నాం, మొదటి ప్రయాణానికి అదే చాలు. మాస్కు మాత్రం ముఖానికి ముఖానికి తేడా. పట్టీ వెనక్కి తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి ముక్కుతో కొద్దిగా గాలి పీలిస్తే, చేయి వదిలినా పడిపోకుండా నిలవాలి. నాకు మైనస్ నాలుగు పవరు. కొన్ని మాస్కులకు అర డయాప్టర్ (0.50 పవరు) తేడాతో రెడీమేడ్ పవర్ అద్దాలు దొరుకుతాయి. పాత అద్దాల స్థానంలో అవి బిగిస్తారు. కళ్ళద్దాల చీటీలో సిలిండర్ పవరు (అస్టిగ్మాటిజం) ఎక్కువగా ఉన్నవారికి అవి పూర్తిగా సరిపోవు, నాకు సరిపోయాయి. గాలి కొలిచే గేజీ మీది అంకెలు చదవగలగడం ప్రాణానికి సంబంధించిన విషయం కనుక ఈ ఖర్చుకు వెనకాడవద్దని చెబుతాను. కొత్త అద్దం మీద తయారీలో మిగిలిపోయే సన్నని పొరను టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడగాలి, లేకపోతే ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. మీసం ఉన్నవారికి మాస్కు అంచు దగ్గర నీళ్ళు ఊరుతాయి. మా వారు ముక్కు కిందే ఒక సన్నని గీతంత మేర కత్తిరించుకున్నారు, దానితో ఊట బాగా తగ్గింది. నేను జడ బిగించి, నుదుటి మీది వెంట్రుకలు ఒక్కటి కూడా అంచు కిందికి రాకుండా చూసుకునేదాన్ని.

హైదరాబాద్ కేంద్రం మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే అయినా చిన్నది కాదు. మా రిఫరల్ పత్రంలో చివరి కొలను సెషన్ ఎదుట శిక్షకుని సంతకం పెట్టలేదు. ఇక్కడ మేమూ చూసుకోలేదు. తులంబెన్ శిక్షకురాలు, ఆ పాఠం పూర్తయినట్టు ఆధారం లేనిదే సముద్రంలోకి తీసుకువెళ్ళలేనని మర్యాదగానే, ఖచ్చితంగా చెప్పారు. ఫోన్ల మీద ఫోన్లు చేసి, సరిచేసిన పత్రం మెయిల్‌లో వచ్చేసరికి ఒక పూట పోయింది. పత్రం చేతికి అందిన రోజే ప్రతి గడినీ వేలు పెట్టి చూసుకోండి. దాని గడువు చివరి కొలను పాఠం నుంచి 12 నెలలు.

తులంబెన్ షాపు గురించి మాత్రం మంచి మాటలే చెప్పగలను. తీరమంతా నల్లని గుండ్రాళ్ళు. వాటి మీద ఒట్టి కాళ్ళతో నడవడమే కష్టం. అటువంటి చోట ఆ ఊరి ఆడవాళ్ళు గాలి సిలిండర్లను తలమీద పెట్టుకొని, చేత్తో పట్టుకోకుండా నీటి అంచు దాకా నడిచి వస్తారు. మా సామాను మోసినామె తలమీద తువ్వాలు చుట్ట, దాని మీద సిలిండర్, చేతిలో మా ఫిన్‌లు. ఆ కూలి సొమ్ము షాపు రుసుములోనే కలిసి ఉందో లేదో ముందే అడిగి, లేకపోతే విడిగా ఇవ్వండి.

మొదటి రోజు శిక్షకురాలు చేసిన మొదటి పని బరువుల పరీక్ష. ఉప్పునీరు మనిషిని ఎక్కువగా తేలుస్తుంది కాబట్టి కొలనులో రెండు కిలోల సీసంతో మునిగిన నాకు ఇక్కడ ఐదు కిలోలు కావలసి వచ్చింది. చెవుల విషయంలోనూ ఆమె తొందరపడలేదు. నీటి ఒత్తిడి ప్రతి పది మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ చొప్పున పెరుగుతుంది, అందులో మొదటి కొద్ది మీటర్లలోనే చెవులకు ఎక్కువ శ్రమ. ముక్కు పట్టుకొని మెల్లగా ఊది సర్దుకునేదాకా మా వారి కోసం తాడు దగ్గరే ఆగారు.

ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే లిబర్టీ ఓడ శిథిలం ఉంది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి దెబ్బతీసిన ఈ అమెరికన్ సరుకుల ఓడను తులంబెన్ ఒడ్డుకు చేర్చారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు అది ఒడ్డు నుంచి నీళ్ళలోకి జారిపోయింది. దాని దిగువ భాగం సుమారు 30 మీటర్ల లోతు వరకు ఉంటుంది; మా కోర్సు పరిమితి 18 మీటర్లు కనుక పై భాగమే చూశాం, అదే కళ్ళకు పట్టలేదు. బూడిదరంగులో కనిపించిన విసనకర్ర ఆకారంలో ఉన్న ఒక పగడం మీద శిక్షకురాలు టార్చి వేయగానే అది కుంకుమ ఎరుపులో వెలిగింది. నీళ్ళలో అన్నింటికన్నా ముందు మాయమయ్యేది ఎరుపు రంగు అని పాఠంలో చదివినది అప్పుడు అర్థమైంది.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులో స్కూబా ఉందో లేదో, ఉంటే ఎంత లోతు వరకో చదివి చూసుకోండి. మా పాలసీలో లేదు కాబట్టి డైవర్ల కోసం విడిగా బీమా తీసుకున్నాం. వరసగా కొన్ని రోజులు డైవ్ చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి కనుక చివరి రోజును ఖాళీగా ఉంచుకున్నాం. ఎత్తయిన రోడ్డు ప్రయాణానికీ అదే జాగ్రత్త వర్తిస్తుంది. కింతమణి కొండ మీది సరస్సు చూడాలని మా వారికి ఎంతో ఉన్నా, డైవులు ముగిసిన సాయంత్రమే అక్కడికి వెళ్ళవద్దని షాపువాళ్ళు అడ్డుపడి, అమ్లపుర మీదుగా వెళ్ళే పల్లపు దారిని మా డ్రైవరుకు చెప్పి పంపారు. అడగకుండానే చెప్పిన ఆ ఒక్క మాట కోసమైనా మళ్ళీ ఆ షాపుకే వెళ్తాం.