భీమవరంలో బేస్‌బాల్ పిచర్లకు దేహదారుఢ్య శిక్షణ: నాలుగు నెలల అనుభవం

మా అబ్బాయికి పదహారేళ్ళు. కళాశాల బేస్‌బాల్ జట్టులో పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. గత ఏడాది వాడిని చేర్పించిన వ్యాయామశాలలో మిగతా కుర్రవాళ్ళతో పాటు బెంచ్ ప్రెస్, తలపైకి బరువులెత్తడం తప్ప వేరే ఏమీ చేయించలేదు. ఛాతీ పెరిగింది గాని, బంతులు విసిరిన మర్నాడు మోచేతి లోపలి వైపు నొప్పితో అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయేవాడు. అందుకే భీమవరం నుంచి ఉండి గ్రామానికి వెళ్ళే దారిలో, రేకుల షెడ్డులో, క్రీడాకారులకు మాత్రమే శిక్షణ ఇచ్చే కేంద్రానికి మార్చాము.

మొదటి వారం అసలు బంతి ముట్టుకోనివ్వలేదు. ఒంటికాలిపై నిలబెట్టి కూర్చోబెట్టారు; తుంటి ఎంత తిరుగుతోందో, రెండు భుజాల కదలికలో తేడా ఎంత ఉందో కొలిచి రాసుకున్నారు. "మాస్టారూ, విసిరేది చేత్తో కదండీ, కాళ్ళకింత శ్రమ ఎందుకు?" అని అడిగాను. నాకు రొయ్యల చెరువు ఉందని ఆయనకు తెలుసు. "మీ చెరువులో విసురువల వేసేవాణ్ణి చూడండి. ఒట్టి చేత్తో విసిరితే వల ముద్దలా పడుతుంది. నడుము తిప్పి వేస్తేనే గుండ్రంగా విచ్చుకుంటుందండీ" అన్నారు.

పిచింగ్‌లోనూ వెనక కాలు నేలను తన్నిన బలం తుంటికి, తుంటి నుంచి మొండేనికి, చివరగా చేతికి చేరుతుంది. ఆ క్షణంలో భుజం సెకనుకు సుమారు 7,000 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. బంతి చేయి దాటాక ఆ వేగాన్ని ఆపవలసిన భారం ముఖ్యంగా భుజం వెనక కండరాలదే. అందుకని ఇక్కడ కాళ్ళకు ట్రాప్ బార్ డెడ్‌లిఫ్ట్ (చట్రంలాంటి కడ్డీ మధ్యలో నిలబడి నేల మీది బరువు ఎత్తడం), వెనక పాదం బల్లపై ఉంచి చేసే స్క్వాట్లు, నడుముకు బరువైన మెడిసిన్ బాల్‌ను పక్కకు తిరిగి గోడకు కొట్టడం, భుజం వెనక భాగానికి రబ్బరు ట్యూబులతో లాగే వ్యాయామాలు చేయిస్తారు. కాలువ గట్టు మీద రోజూ తీసే దూరపు పరుగులను మాన్పించి, ఇరవై ముప్పై మీటర్ల వేగపు పరుగులు పెట్టారు. రెండు సెకన్లలో ముగిసే పనికి అదే సరైన సాధన. జావెలిన్ (ఈటె) విసిరే పిల్లలతో కలిపి చేయించడం మొదట నాకు నచ్చలేదు గాని, 2008లో అమెరికా బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకున్న మన దేశపు పిచర్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ కూడా జావెలిన్ విసిరినవారేనని గుర్తుకొచ్చి ఊరుకున్నాను.

నాకు అన్నిటికంటే నచ్చింది వీరి లెక్కల పుస్తకం. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 15, 16 ఏళ్ళ పిల్లలు మ్యాచ్‌లో రోజుకు 95 బంతులు మించకూడదు; 76 గాని అంతకంటే ఎక్కువ గాని విసిరితే నాలుగు రోజుల విశ్రాంతి ఇవ్వాలి. ఇక్కడ దానిని తుచ తప్పకుండా పాటిస్తారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ చేసిన మోచేతి లిగమెంట్ శస్త్రచికిత్స తరువాత అమెరికా పిచర్ టామీ జాన్ 1989 వరకు ఆడిన మాట నిజమే. కాని ఎదిగే పిల్లవాడి చేతిని అంతదాకా రానివ్వడం పెద్దల తప్పు.

లోపాలూ ఉన్నాయి. రెండో నెలలోనే మామూలు బంతికంటే బరువైన బంతులు విసిరించబోయారు. ఎముకల ఎదుగుదల పూర్తికాని వయసులో అది తొందరపాటని నేను అభ్యంతరం చెబితే మానారు. శనివారం సాయంత్రం రద్దీ ఎక్కువ కావడంతో ఒక్క శిక్షకుడు అందరినీ చూడలేరు. వైశాఖంలో ఆ రేకుల కింద ఉక్కపోతకు చెమట ఆరక బార్ చేతిలో జారుతుంది. వేగం కొలిచే రాడార్ గన్ లేదు. పిచర్ నిలబడి విసిరే మట్టిదిబ్బ, మౌండ్ కూడా లేదు; చదును నేల మీద సాధన చేసినవాడికి పది అంగుళాల ఎత్తు నుంచి దిగేటప్పుడు ముందుకాలి మీద పడే భారం అలవాటు కాదు.

నెలకు 2,500 రూపాయలు. నొప్పి తిరిగి రాలేదు గనుక మరో ఆరు నెలలకు కట్టాము. మౌండ్ మాత్రం మా చెరువు పక్కన బంకమట్టితో మేమే పోసుకుని, అక్కడి నుంచి 18.44 మీటర్లు కొలిచి, బ్యాటర్ నిలిచే చోట ప్లేట్ పాతాము.