నో కాస్ట్ ఈఎంఐనా, అప్పటికప్పుడు తగ్గింపా: ఏది మేలు?

దసరాకు ముందు మా పిన్నితో కలిసి ఫ్రిజ్ కొనడానికి కూకట్‌పల్లిలో ఒక షోరూంకి వెళ్లాను. ట్యాగ్ మీద ఎమ్మార్పీ 38,500, దాని కింద ఎర్ర అక్షరాల్లో 30,000. "నెలకి 5,000, ఆరు నెలలు. వడ్డీ ఒక్క రూపాయి ఉండదమ్మా" అన్నాడు సేల్స్ అబ్బాయి. పిన్ని సంబరంగా క్రెడిట్ కార్డు తీసింది. నేను ఆపి, "ఇప్పుడే మొత్తం యూపీఐ చేస్తే ఎంతకిస్తారు?" అని అడిగాను. లోపలికెళ్లి మేనేజర్‌ని కనుక్కొచ్చి 28,500 అన్నాడు.

వడ్డీ లేని అప్పు ఏ బ్యాంకూ ఇవ్వదు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు తేల్చి చెప్పింది. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుందాం. మనం కట్టే 30,000లో అసలు 28,730, మిగతా 1,270 వడ్డీ. ఆ వడ్డీ మేరకు షాపో కంపెనీయో ధర తగ్గించి చూపిస్తుంది. కానీ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ, అంటే 229 రూపాయలు, మన కార్డు బిల్లులోకే వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే జీఎస్టీతో 235. మొత్తం 30,464.

యూపీఐ ధరకీ దీనికీ తేడా 1,964. లెక్క కడితే ఇది దాదాపు నూటికి రెండు రూపాయల వడ్డీ! వస్తువు వాపసు చేసినా ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు. చేతిలో డబ్బుంటే యూపీఐ తగ్గింపే మేలు, నాకు అనుమానం లేదు. డబ్బు లేక, ఇంట్లో ఫ్రిజ్ పాడై కూర్చుంటే మాత్రం నూటికి మూడు రూపాయలకు బయట అప్పు తెచ్చేకన్నా ఈఎంఐ నయం.

క్యాష్‌బ్యాక్ ఆఫర్‌ని ధరలోంచి తీసేసి లెక్క వేసుకోకండి. అది తర్వాతెప్పుడో జమయ్యేది, దానికి గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది.

"ఎమ్మార్పీ మీద 8,500 తగ్గించాం" అన్న మాట చూసి మురిసిపోవద్దు. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే, అసలు ధర కాదు. పన్నులన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి దాని మీద మళ్లీ జీఎస్టీ అడిగితే ఇవ్వక్కర్లేదు. పాత ధర కనబడకుండా ఎక్కువ ధర స్టిక్కర్ అంటించడమూ తప్పే. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐకి 2 శాతం అదనంగా అడిగే షాపులూ ఉన్నాయి. అలాంటి చెల్లింపుల మీద షాపు బ్యాంకుకు కట్టే రుసుముని (ఎండీఆర్) 2020 జనవరి నుంచే ఎత్తేశారు, అడగడానికి వాళ్లకు కారణమే లేదు.

డబ్బు పంపాక పిన్ని చేతిలో ఒక ఎస్టిమేట్ చీటీ పెట్టారు. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. ఆ మాట చెప్పి, 1915కి ఫోన్ చేస్తానన్నాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు. పది నిమిషాల్లో జీఎస్టీ నంబరుతో అసలు బిల్లు ప్రింటై వచ్చింది. పిన్ని దాన్ని వారంటీ కార్డుతో కలిపి బీరువాలో పెట్టుకుంది.