గుర్తుపట్టమనాలా, పోల్చమనాలా? వినికిడి పరిశోధనకు ఏది మేలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి భాషాశాస్త్రంలో పీహెచ్‌డీకి చేరిన పిల్లలు తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మన ఊళ్లలో డిగ్రీ చదివేవాళ్ల చెవికి ఇంగ్లీషు శబ్దాలు ఎలా ఆనుతున్నాయో తేల్చాలి. ఐడెంటిఫికేషన్ టెస్ట్ (విన్న మాట ఏదో గుర్తుపట్టమనడం) పెట్టాలా, డిస్క్రిమినేషన్ టెస్ట్ (శబ్దాలను పోల్చి తేడా చెప్పమనడం) పెట్టాలా?" రెండూ పెట్టెయ్ అని చెప్పడం తేలికే. కానీ సెలవుల్లో దొరికే కొద్ది రోజుల్లో, అరగంట దాటితే విసుగొచ్చే కుర్రాళ్లతో రెండూ సరిగ్గా జరగవు. ఒకటి ముందుండాలి. నేర్చుకోవడం గురించే నీ ప్రశ్న అయితే గుర్తుపట్టమనే పరీక్షకే నా ఓటు.

ముందు ఏ శబ్దాలు ఎంచుకోవాలో చూద్దాం. ఇంగ్లీషులో 'థిన్', 'టిన్' మాటల తేడా మనవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. మొదటిది మన థకో తకో, రెండోది మన టకో దగ్గరగా తోస్తుంది. కేథరిన్ బెస్ట్ 1995లో వివరించిన సిద్ధాంతం చెప్పేది ఇదే: పరాయి శబ్దాలు రెండూ మన భాషలో రెండు వేర్వేరు శబ్దాల్లా వినిపిస్తే తేడా పట్టడం సులువు, రెండూ ఒకే శబ్దంలా వినిపిస్తే కష్టం. ఆ కష్టం చూడాలంటే వి, డబ్ల్యూల జోడీ తీసుకోవాలి. వి పలికేటప్పుడు పైపళ్లు కింది పెదవికి తగిలి గాలి రాసుకుంటుంది. డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా ముందుకొస్తాయి, పళ్లతో పనే లేదు. మన వ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. అందుకే బనియన్ అనే అర్థం ఉన్న వెస్ట్, పడమర అనే అర్థం ఉన్న వెస్ట్ తెలుగులో ఒకేలా రాస్తాం, ఒకేలా పలుకుతాం.

పోల్చమనే పరీక్షలో సులువైనది 'ఒకటేనా, వేరా' అని అడగడం. రెండు శబ్దాలు వినిపిస్తారు, జవాబు చెప్పాలి. మన ఊళ్లలో దీనితో ఒక చిక్కుంది. అనుమానం వస్తే కుర్రాడు "రెండూ ఒకలాగే ఉన్నాయి మేస్టారూ" అనేస్తాడు. తేడా ఉందని చెప్పి తప్పయితే నామోషీ. ఒకటే అంటే పోయేదేమీ లేదు. ఈ మొగ్గును లెక్కలో విడదీయడానికి డీ-ప్రైమ్ అనే కొలత ఉంది, అది తప్పక వాడాలి. అంతకంటే మేలు ఏఎక్స్‌బీ పద్ధతి: మూడు శబ్దాలు వినిపించి, నడిమిది మొదటిదానిలా ఉందా, చివరిదానిలా ఉందా అని అడుగుతారు. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు కాబట్టి 'ఒకటే' అని తప్పించుకునే వీలుండదు. అక్షరాలు రానివాళ్లకూ ఇది పెట్టొచ్చు. ఇది దీనికున్న నిజమైన బలం.

బలహీనత ఎక్కడుందో 1985లో జానెట్ వెర్కర్, జాన్ లోగన్ చేసిన ప్రయోగం చూపించింది. హిందీలోని త, టల తేడాను ఇంగ్లీషు వాళ్లకు వినిపించారు. మన 'తట్ట'లో రెండూ ఉన్నాయి, మనకు పుట్టుకతో వచ్చిన తేడా అది. ఇంగ్లీషు పెద్దవాళ్లకు మాత్రం చాలా కష్టం. శబ్దాల మధ్య విరామాన్ని 250, 500, 1500 మిల్లీసెకన్లుగా మార్చి చూశారు. విరామం తక్కువగా ఉంటే పరాయి తేడా కూడా కొంత పట్టుబడింది. ఎక్కువైతే తమ భాషలో అర్థం మార్చే తేడాలే నిలిచాయి. అంటే తక్కువ విరామంతో పెట్టిన పరీక్షలో మన కుర్రాడికి మంచి మార్కులు వచ్చినంత మాత్రాన వి, డబ్ల్యూ నేర్చుకున్నాడని కాదు, చెవి పచ్చి శబ్దాన్ని పట్టుకుందని మాత్రమే. పోల్చే పరీక్షే పెట్టాలనుకుంటే విరామం ఒక సెకను దాటాలి, మూడు శబ్దాలూ ముగ్గురు వేర్వేరు మనుషుల గొంతుల్లో ఉండాలి. థీసిస్‌లో ఈ విరామం ఎంతో రాయకపోతే ఆ అంకెలకు విలువ లేదు.

ఇక గుర్తుపట్టే పరీక్ష. ఒకే మాట వినిపించి, అది రెంటిలో ఏదో నొక్కమంటారు. జీవితంలో వినడం ఇలాగే జరుగుతుంది: పక్కన పోల్చుకోవడానికి ఇంకో శబ్దం ఉండదు, వచ్చిన మాట ఏదో నీకు నువ్వే తేల్చుకోవాలి. అందుకే నేర్చుకోవడాన్ని కొలవడానికి ఇది దగ్గర.

కానీ నొక్కడానికి తెర మీద ఏం పెడతాం? పని చెడేది ఇక్కడే. తెలుగు లిపిలో పెడితే రెండు బటన్ల మీదా ఒకటే మాట ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్ పెడితే చెవిని కాక చదువును పరీక్షిస్తున్నట్టు. బొమ్మలు పెడదామంటే, తడిసిన బట్ట బొమ్మకు 'వెట్' అని అందరికీ తెలుసు, పశువుల డాక్టరు బొమ్మకు అదే మాట చాలామందికి తెలియదు. తెలిసినదాన్నే నొక్కుకుంటూ పోతారు. వితో 'వైన్' అనే ద్రాక్షతీగ, డబ్ల్యూతో 'వైన్' అనే మద్యం సీసా జోడీ కూడా ఇంతే. ఊరూరా వైన్స్ బోర్డులు ఉన్నచోట ఏది ఎక్కువ నొక్కుతారో చెప్పక్కర్లేదు. నాకు అన్నిటికంటే నచ్చిన దారి, ఎవరూ చూడని రెండు ఆటబొమ్మలు గీసి, వాటికి వితో ఒకటి, డబ్ల్యూతో ఒకటి కల్పిత పేర్లు పెట్టి, ముందు కాసేపు నేర్పి, తర్వాత పరీక్షించడం. అప్పుడు అందరికీ రెండు మాటలూ సమానంగా కొత్త. తయారీకి శ్రమ ఎక్కువే, అయినా పడదగ్గ శ్రమ.

శిక్షణ విషయంలో తేడా ఇంకా స్పష్టం. జపాన్ వాళ్లకు ఇంగ్లీషు ఆర్, ఎల్‌ల తేడా నేర్పడానికి 1984లో స్ట్రేంజ్, డిట్‌మన్ కృత్రిమ శబ్దాలతో పోలిక అభ్యాసం చేయించారు. ఆ శబ్దాల మీద మెరుగు వచ్చింది కానీ మనుషులు పలికిన అసలు మాటలకు అది అందలేదు. 1991లో లోగన్, లైవ్లీ, పిసోని దారి మార్చారు. అసలు మాటలు, పలువురి గొంతులు, గుర్తుపట్టమనడం, తప్పయితే అక్కడికక్కడే చెప్పడం. కొత్త మాటలకూ ఫలితం అందింది. 1993లో వాళ్లే చేసిన మరో ప్రయోగంలో ఒకే గొంతుతో నేర్చుకున్నవాళ్లు కొత్త గొంతు దగ్గర ఆ మెరుగు చూపలేకపోయారు. కాలేజీ ల్యాబులో ఒక్క సీడీనే అరగదీసే పద్ధతికి ఇది సూటి జవాబు.

పరీక్ష కాలేజీ గదిలో పెట్టాలా, ఊళ్లో పెట్టాలా అన్నదానికి పెద్దగా వాదన అక్కర్లేదు. ఫ్యాను ఆపి కిటికీ మూసి, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు ఉంటే ఊరి బడి గది చాలు. శబ్దాలను విశ్లేషించే ప్రాట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంటర్నెట్ లేకుండా పరీక్షలు పెట్టొచ్చు. రికార్డింగులు కుదించని వేవ్ ఫైళ్లుగానే దాచాలి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో వచ్చినవి వద్దు, వి లోని ఆ సన్నని రాపిడే నలిగిపోతుంది.

ఎవరిని కూర్చోబెడుతున్నామన్నది మాత్రం నిదానంగా ఆలోచించాలి. ఇంట్లో 'ఎల్లినాను', 'ఏసినాడు' అంటూ మాట మొదట్లో వకారం వదిలేసే కుర్రాడికి, బడిలో 'వెళ్లాను' మాత్రమే మాట్లాడేవాడికి, వె మీద మొదలయ్యే ఇంగ్లీషు మాటలు ఒకేలా వినిపిస్తాయా? ఇచ్ఛాపురంలో ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్ల నోట వ చాలా మాటల్లో బ అవుతుంది. వాళ్లను తెలుగు వాళ్లతో ఒకే పట్టికలో కలిపేస్తే సగటు ఎవరిదీ కాకుండా పోతుంది. ఇంటి భాషల ప్రశ్నావళి లేకుండా పరీక్ష మొదలుపెట్టొద్దు.

సీతంపేట వైపు సవర గిరిజన పిల్లల దగ్గర నా తీర్పు తిరగబడుతుంది. వాళ్లకు తెలుగే రెండో భాష. బడికి కొత్తగా వచ్చిన పిల్లకు బొమ్మ పేరు, బటన్, ఇంగ్లీషు మాట అన్నీ ఒకేసారి మీద పడితే చెవి సంగతి తేలదు. అక్కడ ఏఎక్స్‌బీయే న్యాయం, సూచనలు సవరలో చెప్పాలి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించిన గిడుగు రామమూర్తి పంతులు చేసింది కూడా ముందు వాళ్ల మధ్య కూర్చుని వినడమే. మన్యం జ్వరానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడినే తీసుకుపోయింది. ఏ పరీక్షకైనా ముందు ఆ పిల్లలకు ఒకసారి చెవి పరీక్ష చేయించడం, తల్లిదండ్రులకు వాళ్ల భాషలోనే విషయం చెప్పి ఒప్పుకోలు తీసుకోవడం పరిశోధకుడి మొదటి పని.

రెండూ పెట్టే వీలున్నవాళ్లు గుర్తింపు పరీక్ష ముందు, పోలిక తర్వాత పెట్టండి. పోలిక ముందు పెడితే తేడా వెతకాలని చెవికి చెప్పేసినట్టే, ఆ తర్వాత వచ్చే గుర్తింపు మార్కులు ఆ అబ్బాయి రోజూ వినే తీరును చూపించవు.