పడుకునేటప్పుడు పెట్టుకునే లెన్సులు: అనంతపురం గాలిలో నాలుగేళ్లు

నా కుడి కంటికి సైట్ మైనస్ 3.75, ఎడమ కంటికి మైనస్ 3.25. ఇప్పుడు మధ్యాహ్నం మూడవుతోంది. నా ముఖం మీద అద్దాలు లేవు, కంట్లో లెన్సులు లేవు, లేజర్ ఆపరేషనూ చేయించుకోలేదు. గోడ మీది క్యాలెండర్‌లో తిథి కూడా చదవగలుగుతున్నాను. రాత్రి పడుకునే ముందు కళ్లలో గట్టి లెన్సులు పెట్టుకుని, పొద్దున లేచాక తీసేస్తాను. నిద్రలో అవి కంటి పైపొరను కాస్త సర్దుతాయి, ఆ సర్దుబాటు పగలంతా నిలుస్తుంది. దీన్ని ఆర్థోకెరటాలజీ అంటారు. లెన్సులు అమర్చేవాళ్లు ఆర్థో-కె అనే అంటారు. నేను 2021 ఫిబ్రవరిలో మొదలుపెట్టాను, నాలుగేళ్లు దాటింది. మన సీమలో ఇవి వాడేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. మొదలుపెట్టే ముందు నేను ఎవరినైనా అడుగుదామంటే మనిషి దొరకలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను వ్యవసాయ సహాయకురాలిని. రైతు భరోసా కేంద్రం అని పెట్టి, ఇప్పుడు రైతు సేవా కేంద్రం అంటున్నారే, అక్కడ పని. రోజులో సగం స్కూటీ మీద, మిగతా సగం చేలల్లో. అనంతపురం గాలి గురించి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఉరవకొండ దారిలో గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో గట్టు మీద నిలబడితే ఎర్రమట్టి ముఖాన కొడుతుంది. అద్దాలు తుడిచిన ఐదు నిమిషాలకే మళ్లీ దుమ్ము. చెమటకు అవి ముక్కు మీంచి జారతాయి, వంగి మొక్క చూడబోతే కింద పడతాయి. కరోనా రోజుల్లో మాస్కు తోడై, ఊపిరి వదిలిన ప్రతిసారీ అద్దాల మీద పొగమంచు. అంతకుముందు రెండేళ్లు మెత్తటి లెన్సులు వాడాను. మధ్యాహ్నానికి కళ్లు ఎండిపోయి, రెప్ప వేస్తే గీరుకునేది. ఒక్క దుమ్ము రేణువు లెన్సు కిందికి పోతే చేతులు కడుక్కోవడానికి చేలో సబ్బు ఎక్కడిది? లేజర్‌కు వెళ్తే కార్నియా మందం చాలదని, చేయకపోవడమే మంచిదని డాక్టర్ చెప్పారు. రాత్రి లెన్సుల మాట మొదట చెప్పింది కూడా ఆయనే.

ఇది ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైనట్టు చెప్తాను. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొర కార్నియా. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అందులోనూ అన్నిటికన్నా పైన ఉండే కణాల పొర 50 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మైనస్ సైట్ ఉన్నవాళ్లకు వెలుగు కంటి వెనక తెరలాంటి రెటీనా మీద కాకుండా దాని ముందే కేంద్రీకృతమవుతుంది. కార్నియా నడుమ భాగం కాస్త చదునైతే ఆ చోటు వెనక్కి జరిగి రెటీనా మీద పడుతుంది. ఈ లెన్సు లోపలి వైపు మామూలు లెన్సులా ఒకే వంపుతో ఉండదు. మధ్యలో చదునుగా, దాని చుట్టూ లోతుగా ఉంటుంది. లెన్సుకూ కంటికీ మధ్య కన్నీటి పొర ఉంటుంది. ఆ పొర ఒత్తిడిలో వచ్చే తేడా వల్ల నడుమ ఉన్న పైపొర పలచబడి, చుట్టూ మందమవుతుంది. గుంటక తోలినప్పుడు మిట్ట మీది మట్టి పక్కకు సర్దుకుంటుంది కదా, అలా. నా సైట్‌కు ఆ మార్పు 20 మైక్రాన్ల దగ్గర ఉంటుందని చెప్పారు. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా కాదు! అంత చిన్న మార్పుకు పక్క వీధి బోర్డు కూడా చదవలేని మనిషి బస్సు నంబరు చదువుతుంది.

మా ఆయన అన్నీ వెతికి చూసేదాకా ఒప్పుకోలేదు. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2002లో రాత్రంతా పెట్టుకునే ఈ తరహా లెన్సులకు మైనస్ 6 దాకా అనుమతి ఇచ్చిందని చదివాక కాస్త మెత్తబడ్డాడు. మా అత్త భయం వేరు. "నిద్రలో అది కంటి ఎనక్కి పోతే ఎట్లమ్మా?" అని వారం రోజులు అడిగింది. పోదు. రెప్ప లోపలి పొర వెనక్కి మడతపడి గుడ్డును అంటుకునే ఉంటుంది కాబట్టి అటువైపు దారి లేదు. మహా అయితే తెల్లగుడ్డు మీదికి జరుగుతుంది. నాకు రెండుసార్లు అలా జరిగింది, మెల్లగా నల్లగుడ్డు మీదికి తెచ్చుకుని తీశాను.

నా లెన్సులు బెంగళూరులో అమర్చారు. ముందు టోపోగ్రఫీ అనే పరీక్ష చేస్తారు. కార్నియా ఎత్తుపల్లాలన్నీ రంగుల పటంలా తెర మీద కనిపిస్తాయి, ఆ కొలతలతోనే లెన్సు తయారవుతుంది. ఒకరి లెన్సు ఇంకొకరికి పనికిరాదు. మొదటి రాత్రి గడిచిన పొద్దునే చూపించుకోవాలి కాబట్టి అక్కడే మా చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాను. పెట్టుకున్న పది నిమిషాలు రెప్ప కింద వెంట్రుక ఇరుక్కున్నట్టే ఉంది. కళ్లు తెరిచి ఉంచితే బాధ, మూస్తే సగం తగ్గుతుంది. ఎందుకంటే అది రెప్పకు తగిలే గీర, గుడ్డుకు కాదు. ఇప్పటికీ పెట్టుకున్నాక రెండు నిమిషాలు తెలుస్తుంది, తర్వాత నిద్ర పట్టేస్తుంది.

పొద్దున లెన్సులతోనే క్లినిక్‌కు వెళ్లాను. అక్కడ కళ్లు పరీక్షించి లెన్సులు అమర్చే ఆప్టోమెట్రిస్ట్ మన చిత్తూరు వైపు అమ్మాయి. లెన్సు కంటికి అతుక్కుని ఉంది. నేను తీయబోతే చేయి పట్టుకుంది. "లాగొద్దక్కా. చుక్కలేసి కూర్చో, రెప్పలాడించు. లెన్సు కదిలినాకే తీయాల." ఐదు నిమిషాలకు కదిలింది. చిన్న రబ్బరు సక్కర్ ఆనించి పక్కకు వంచితే ఊడొచ్చింది. బయటికి చూశాను. ఎదురు మేడ మీద ఆరేసిన బట్టల క్లిప్పులు వేరువేరుగా కనిపించాయి. పూర్తి స్పష్టత కాదు, సగం పైన. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఆ పిల్ల లెన్సు వల్లేమోనని కంగారుపడింది.

ఆ తర్వాతి పది రోజులు ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఒకటుంది. పొద్దున బాగా కనిపిస్తుంది, మధ్యాహ్నం దాటేసరికి మసక. సరే అని పాత అద్దాలు పెట్టుకుంటే పవర్ ఎక్కువై తల తిరుగుతుంది. కన్ను పాత సైట్‌కూ చెందదు, కొత్తదానికీ చెందదు. ఆ రోజుల కోసం తక్కువ పవర్ ఉన్న ఒక్కరోజు లెన్సులు (ఒక రోజు వాడి పారేసే మెత్తటివి) అడిగి తెచ్చుకోండి. నేను మూడో రోజున ఫోన్ చేసి అడిగితే గానీ ఇవ్వలేదు. అప్పటిదాకా స్కూటీ ముట్టుకోలేదు. నాకు చూపు సాయంత్రం దాకా నిలవడానికి పదకొండు రోజులు పట్టింది.

ఎడమ లెన్సు మొదట సరిగ్గా కుదరలేదు. రాత్రి పైకి జరిగేది. పొద్దున ఆ కంటితో చూస్తే ప్రతి అక్షరానికీ నీడలా ఇంకో అక్షరం కనిపించేది. అలవాటవుతుందిలే అని ఫోన్లోనే తేల్చేశారు. కాలేదు. నేను పట్టుబట్టి మళ్లీ వెళ్లి టోపోగ్రఫీ తీయిస్తే, చదునైన చోటు నడిమధ్యన లేకుండా పక్కకు పడినట్టు పటంలోనే కనబడింది. కొత్త లెన్సు చేయించి ఇచ్చారు. నెల రోజులు వృథా. మీకు అక్షరం రెండుగా కనిపిస్తే అలవాటు కోసం చూడకండి, పటం తీయమని అడగండి.

ఇక దీని సుఖం. ఆ ఏడు ఆగస్టులో వేరుశనగ చేలు తిరుగుతున్నప్పుడు ఒక రైతు అడిగాడు. "ఏం మేడమ్, ఈ పొద్దు అద్దాలు మర్చిపోయి వచ్చినట్టుండారే?" అప్పటికి నేను మొక్క ముందు కూర్చుని ఆకు తిప్పి చూస్తున్నాను. తిక్కాకు తెగులులో ముందుగా వచ్చే మచ్చ గోధుమ రంగులో ఉండి చుట్టూ పసుపు వలయం ఉంటుంది. ఆలస్యంగా వచ్చేది నల్లగా, ఎక్కువగా ఆకు అడుగున కనిపిస్తుంది. చెంప మీంచి చెమట కారుతోంది, గాలి కొడుతోంది, నేను ముక్కు మీదికి దేన్నీ తోసుకోకుండా ఆ పసుపు అంచు చూస్తున్నాను. ఎనిమిదో తరగతి నుంచీ అద్దాలు పెట్టుకున్న మనిషికి అది ఎంత సుఖమో మాటల్లో చెప్పలేను. హెల్మెట్ కూడా అంతే, తీసిన ప్రతిసారీ అద్దాలు పట్టుకుని లాగే బాధ పోయింది.

చీకటి పడ్డాక మాత్రం తేడా ఉంది. ఎదురుగా లారీ వస్తే దాని లైటు చుట్టూ దూది ఉండలాంటి వెలుగు కనిపిస్తుంది. చీకట్లో కంటిపాప పెద్దదై, చదునైన చోటు దాటి బయటి వెలుగు కూడా లోపలికి వస్తుంది. దానికి కారణం అదే. మొదటి రెండు నెలలు ఎక్కువగా ఉండేది, ఇప్పుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పైగా సాయంత్రానికి నా చూపు అర పాయింట్ దాకా వెనక్కి జారుతుంది. పగటి పనికి ఏ లోటూ లేదు, కానీ రాత్రి హైవే మీద బండి నడపడమే వృత్తి అయినవాళ్లు బాగా ఆలోచించుకోవాలి. నేను ఏడు దాటాక స్కూటీ తీయను. తప్పనిసరైతే తక్కువ పవర్ అద్దాలు ఒకటి డిక్కీలో పెట్టుకున్నాను.

నిద్ర ఆరు గంటలన్నా ఉండాలి. పెళ్లిలోనో జాతరలోనో మేలుకుని మూడు గంటలు పడుకున్న మర్నాడు మధ్యాహ్నానికే మసక వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం నీళ్లు. లెన్సును గానీ, డబ్బీని గానీ, సక్కర్‌ను గానీ ఏ నీళ్లతోనూ కడగకూడదు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఫిల్టర్ నీళ్లు, కాచి చల్లార్చినవి, ఏవీ వద్దు. నీళ్లలో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉంటుంది. అది లెన్సు కింద చేరి రాత్రంతా కంటి మీద ఉంటే కార్నియాను తినేస్తుంది, మందులకు త్వరగా లొంగదు, చూపే పోవచ్చు. ఈ లెన్సులు కొత్తగా వ్యాపించిన రోజుల్లో చైనా, తైవాన్ వైపు ఇలాంటి ఇన్ఫెక్షన్లు వచ్చినప్పుడు కుళాయి నీటితో కడగడం ఒక పెద్ద కారణంగా తేలింది. మా ఇంట్లో మా మామ ఎంత ప్రేమతో చెప్పినా ("ఫిల్టర్ నీళ్లే కదమ్మా, శుభ్రంగా ఉంటాయి") నేను వినను. చేతులు సబ్బుతో కడుక్కుని, పొడి గుడ్డతో తుడుచుకుని, తడి పూర్తిగా ఆరాకే లెన్సు ముట్టుకుంటాను.

లెన్సులు శుభ్రం చేయడానికి నేను పెరాక్సైడ్ ద్రావణం వాడతాను. పొద్దున లెన్సులు దాని డబ్బీలో వేసి మూత పెడితే సోడా పోసినట్టు సన్నటి బుడగలు పైకి లేస్తాయి. డబ్బీ అడుగునున్న బిళ్ల ఆ పెరాక్సైడ్‌ను ఆరు గంటల్లో మామూలు ఉప్పునీరుగా మార్చేస్తుంది. ఆ లోపల తీసి కంట్లో పెట్టుకుంటే భగ్గుమని మండుతుంది. మనం సాయంత్రం దాకా తీయం కాబట్టి రాత్రి లెన్సులకు ఇది బాగా కుదిరింది. మామూలు డబ్బీతో మాత్రం దీన్ని వాడకూడదు. అనంతపురంలో మందుల షాపుల్లో దొరకడం కష్టం, ఎప్పుడూ ఒక సీసా ముందుగానే తెప్పించుకుంటాను.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. 2023 జూలైలో ఒక పొద్దున ఈ-పంట నమోదు తొందర. కుడి లెన్సు అతుక్కుని ఉంది. చుక్కలు వేశాను, కానీ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. సక్కర్ పెట్టి లాగేశాను. మొదట ఏమీ అనిపించలేదు. గుత్తి రోడ్డు ఎక్కేసరికి కన్ను ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి, ఎండలో తెరవలేకపోయాను. ఊళ్లోనే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే పసుపు రంగు చుక్క వేసి నీలి లైటుతో చూశారు. పైపొర గీరుకుపోయిన చోట పచ్చగా మెరిసింది. యాంటీబయాటిక్ చుక్కలు, ఎనిమిది రోజులు లెన్సు బంద్. చాలా టెన్షన్ పడ్డాను. గాయం రెండు రోజుల్లో మానింది, అయినా ఆయన చెప్పిన రోజులన్నీ ఆగాను. ఆ ఎనిమిది రోజుల్లోనే ఇది నిజంగా తాత్కాలికమని తెలిసింది. మూడో రోజుకు సగం సైట్ వెనక్కి వచ్చింది, వారానికి దాదాపు పాతదంతా. కంటి ఎరుపు, నొప్పి, వెలుగు చూడలేకపోవడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా లెన్సు పక్కన పెట్టి ఆ రోజే డాక్టర్‌కు చూపించుకోండి. జలుబు జ్వరంతో కళ్లు మండే రాత్రి కూడా నేను పెట్టుకోను.

ఖర్చు దాచను. పరీక్షలు, అమరిక, రెండు లెన్సులు కలిపి మొదట నాకు 45 వేలయింది. ద్రావణాలు, బెంగళూరు చార్జీలు వేరు. ఏడాది, ఏడాదిన్నరకు లెన్సులు మార్చాలి. మాలాంటి జీతానికి ఇది తేలిక కాదు. మా ఆయనా నేనూ చీటీ పాడుకుని కట్టాం.

మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు, రెండేళ్లలో సైట్ మైనస్ 1 నుంచి 2.5కు పెరిగింది. పిల్లల విషయంలో ఈ లెన్సులకు ఇంకో ఉపయోగం ఉంది, కంటిగుడ్డు పొడవు పెరగడాన్ని నెమ్మదింపజేస్తాయి. హాంకాంగ్‌లో 6 నుంచి 10 ఏళ్ల పిల్లల మీద రెండేళ్లు చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఆ పెరుగుదల అద్దాలు వాడిన పిల్లల కన్నా 43 శాతం తక్కువగా ఉంది. అక్క అడిగితే నేను వెంటనే ఔనని చెప్పలేదు. రోజూ రాత్రి ఆ పాప చేతులు కడిగించి, లెన్సు పెట్టి, పొద్దున కదిలిందో లేదో చూసే పెద్దమనిషి ఇంట్లో ఉండాలి. అక్కది నైట్ డ్యూటీల ఉద్యోగం. సైట్ పెరగడాన్ని నెమ్మదింపజేసే అట్రోపిన్ చుక్కల దారి కూడా ఉంది, ముందు అది అడుగు అన్నాను. కార్నియా మొనలా పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉన్నవాళ్లకు, కళ్లు బాగా ఎండిపోయేవాళ్లకు ఇది పనికిరాదని మా డాక్టర్ చెప్పారు. సైట్ మరీ ఎక్కువున్నవాళ్లకు పూర్తి స్పష్టత రాకపోవచ్చు.

పోయిన నెల నాలుగో జతకు కొలతలిచ్చి వచ్చాను. పైపొర శుభ్రంగా ఉందన్నారు, కుడి లెన్సు అంచున మాత్రం పేరుకున్న తెల్లటి పొర చూపించి దాని పని అయిపోయిందన్నారు. కొత్తవి పార్సిల్‌లో వచ్చాయి. అవి వచ్చేదాకా ఆ పాత లెన్సు పెట్టుకోకుండా కుడి కంటికి ఒక్కరోజు లెన్సుతో తిరిగాను. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ కన్ను మళ్లీ అదే పాత గీర.