పాసావ్ నుంచి లింట్స్: డాన్యూబ్ వెంట ఒంటరిగా ఒక రోజు సైకిల్ ప్రయాణం

జర్మనీ సరిహద్దు ఊరు పాసావ్ నుంచి ఆస్ట్రియాలోని లింట్స్ దాకా డాన్యూబ్ నది వెంట సుమారు 95 కిలోమీటర్లు. చెప్పుకోదగ్గ ఎత్తు ఎక్కడా ఎక్కక్కర్లేదు. పాసావ్ సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తున ఉంటే లింట్స్ 260 దగ్గర ఉంటుంది. కాళ్ల సంగతి అటుంచి, ఎక్కడెక్కడ ఏ ఒడ్డున ఉండాలో ముందే తేల్చుకోవాలి. తోడు లేనివాళ్లకు ఇది మరీ ముఖ్యం. తప్పు ఒడ్డున ఇరుక్కుంటే పంటు కోసం కాచుకోవాలి, లేదా వచ్చిన దారినే వెనక్కి తొక్కాలి.

నది పొడవునా ఒడ్డున కిలోమీటరు బోర్డులు ఉంటాయి. లెక్క సముద్రం వైపు నుంచి మొదలవుతుంది కనుక దిగువకు వెళ్లేకొద్దీ అంకె తగ్గుతుంది. పాసావ్ 2226, ష్లోగెన్ 2187, లింట్స్ 2135. ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఎంత దూరం మిగిలిందో ఈ బోర్డే చెబుతుంది. దెబ్బ తగిలి 112కి ఫోన్ చేయాల్సి వస్తే ఏ ఒడ్డు, ఏ అంకె అని చెప్పండి. చుట్టూ ఊరే లేని చోట అంతకన్నా స్పష్టమైన చిరునామా దొరకదు.

పాసావ్ నుంచి ఎడమ ఒడ్డున వెళ్తే మొదటి 15 కిలోమీటర్లు, ఓబెర్న్‌త్సెల్ దాకా, పక్కనే పెద్ద రోడ్డు. సైకిళ్లకు వేరే దారి ఉన్నా లారీల హోరు తప్పదు. ఓబెర్న్‌త్సెల్ దాటాక ఒక్కసారిగా నిశ్శబ్దం. 2203 దగ్గర యోఖెన్‌స్టైన్ జలవిద్యుత్ కేంద్రం వస్తుంది. పగటిపూట దాని మీదుగా సైకిల్ నడిపించుకుంటూ కుడి ఒడ్డుకు దాటొచ్చు. గేటు మూసి ఉంటే కంగారు అక్కర్లేదు, ఇంకో 9 కిలోమీటర్లు వెళ్తే నీడర్‌రానా దగ్గర వంతెన ఉంది. ఆ వంతెన మాత్రం వదులుకోకూడదు. దాని తర్వాత ఎడమ ఒడ్డున దారి తెగిపోతుంది. కొండ నేరుగా నీళ్లలోకి దిగడంతో పంటు ఎక్కితేనే ముందుకు పోగలం. పంట్లు వేసవి నెలల్లోనే సరిగ్గా తిరుగుతాయి, సాయంత్రానికి ఆగిపోతాయి. అక్టోబరు దాటితే వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. కుడి ఒడ్డున అయితే అషాఖ్ దాకా దారి ఎక్కడా తెగదు.

ష్లోగెన్ దగ్గర నది వచ్చిన దిక్కుకే తిరిగిపోయేంత గట్టి మలుపు తీసుకుంటుంది. ఒడ్డున నిలబడితే ఆ మలుపు తెలియదు, కొండ మీదికి అరగంట పైచిలుకు నడవాలి. సామానుతో ఒంటరిగా వచ్చినవాళ్లు సైకిల్‌ని జనం తిరిగే చోట స్టాండుకు తాళం వేసి, పాస్‌పోర్టు, డబ్బు ఉన్న హ్యాండిల్ సంచి మాత్రం భుజాన వేసుకుని ఎక్కాలి. ఆ గంటన్నర ఖర్చు పెట్టడం నూటికి నూరుపాళ్లు సబబే.

ష్లోగెన్ నుంచి అషాఖ్ దాకా దాదాపు 25 కిలోమీటర్లు. ఈ రోజు మొత్తానికి ప్రాణం ఇక్కడే ఉంది. కుడి ఒడ్డున చాలా దూరం మోటారు రోడ్డే లేదు. రెండు వైపులా అడవి కొండలు, మధ్యలో చెరువులా నిలిచిన నీరు. అషాఖ్ విద్యుత్ కేంద్రం ఆపిన నీరు సుమారు 40 కిలోమీటర్లు వెనక్కి నిలబడటం వల్లే నదికి ఆ నెమ్మది. కానీ ఈ లోయలో రైలు లేదు, సైకిల్ బాగుచేసే కొట్టు లేదు. ష్లోగెన్‌లోనే రెండు లీటర్ల నీళ్లు నింపుకోవాలి, మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోవాలి.

పంక్చర్ సామాను కూడా ఇక్కడ అవసరపడేదే. రెండు ట్యూబులు, ప్యాచీలు, పంపు, టైర్ లీవర్లు, చైను లింకు, 4, 5 మిల్లీమీటర్ల అలెన్ కీలు ఉంటే చాలు. టైరు మీది అక్షరాలు వాల్వు దగ్గరికి వచ్చేలా ముందే ఎక్కించుకుంటే ట్యూబులో చిల్లి ఎక్కడుందో చూసి టైరులో రాయి ఎక్కడ దిగిందో వెంటనే పట్టుకోవచ్చు. ఆ రాయి తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. లోపలి వైపు వేలితో నెమ్మదిగా తడమాలి. సన్న కంకర ఉన్న చోట్ల కుదుపులకు కారియర్ బోల్టులు వదులవుతాయి, మధ్యాహ్నం ఆగినప్పుడు ఒకసారి బిగించుకుంటే మంచిది. 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైరు ఈ దారికి సరిపోతుంది.

చదును దారే కదా అని తేలిగ్గా తీసుకుంటే నడుము కింద భాగం శిక్ష అనుభవిస్తుంది. ఎత్తుల్లో లేచి తొక్కుతాం, దిగుడులో కాళ్లు ఆపుతాం. ఇక్కడ ఆ రెండూ లేవు, గంటల తరబడి బరువంతా సీటు మీద ఒకే చోట పడుతుంది. పావుగంటకోసారి లేచి పది తొక్కులు తొక్కాలి, చేతులు పట్టుకునే చోటు మార్చాలి. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి వీపున తోస్తుంది. తూర్పు గాలి పట్టిన రోజున గంటకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగం తగ్గినట్టే లెక్కేసుకోవాలి.

అషాఖ్ తర్వాత కొండలు విడిపోయి పొలాలు వస్తాయి. ఎండ నేరుగా తగులుతుంది, చూడటానికీ పెద్దగా ఏమీ లేదు. ఓటెన్స్‌హైమ్ దగ్గర మాత్రం బల్లకట్టును చూడాలి. నదికి అడ్డంగా కట్టిన తీగను ఆసరాగా చేసుకుని, ఇంజిను లేకుండా, ప్రవాహం తోపుతోనే కుడి ఒడ్డు నుంచి ఎడమ ఒడ్డుకు దాటుతుంది. అక్కడి నుంచి లింట్స్ దాకా ఎడమ ఒడ్డున మళ్లీ రోడ్డు హోరు.

ఒక్క రోజులో ముగించకుండా మధ్యలో రాత్రి ఆగాలనుకునేవాళ్లకు, బస విషయంలో నా ఓటు అషాఖ్‌కే. ష్లోగెన్‌లో నది పక్కనే హోటలు, క్యాంపు స్థలం ఉన్నాయి గానీ 40 కిలోమీటర్లకే ఆగిపోవడం తొందరపాటు. పల్లె బసల్లో సైకిల్‌కు తాళం వేసే గది, ఉదయం టిఫిన్ మామూలే. కానీ ఒక్కరికి గది తీసుకున్నా ఇద్దరి అద్దెకు దగ్గరగా పడుతుంది. వారంలో ఒకటి రెండు రోజులు భోజనశాల సెలవు ఉంటుంది, మిగతా రోజుల్లోనూ వంటగది పెందలాడే మూసేస్తారు. ఆదివారం కిరాణా కొట్లు తెరవరు, శనివారమే కొనిపెట్టుకోవాలి. పంటు కోసం, చిన్న బసల కోసం నగదు యూరోలు ఉంచుకోవాలి.

లింట్స్‌లో ఆగిపోయేవాళ్లు తిరుగు రైలు ముందే చూసుకోవాలి. స్థానిక రైళ్లలో సైకిల్‌కు టికెట్ ఉంటే చాలు, స్థలం ఉంటే ఎక్కించుకుంటారు. వియన్నా వైపు పోయే రైల్‌జెట్ అనే వేగపు రైలులో సైకిల్‌కు సీటు లాగే స్థలం రిజర్వు చేసుకోవాలి, వేసవి శని ఆదివారాల్లో అవి ముందే అయిపోతాయి.