‘డెలీరియం’ మూడు భాగాలూ చదివాక

ప్రేమ ఒక జబ్బు. పద్దెనిమిదేళ్లు నిండగానే మెదడుకి ఆపరేషన్ చేసి దాన్ని నయం చేస్తారు. లారెన్ ఆలివర్ 2011లో తెచ్చిన ‘డెలీరియం’ నవల ఈ ఒక్క ఊహ మీదే నడుస్తుంది. 2012లో ‘పాండెమోనియం’, 2013లో ‘రిక్వియం’ వచ్చాయి. మూడూ పూర్తి చేసి మొదటిదాన్ని మళ్లీ చదివితే అసంతృప్తి తగ్గకపోగా పెరిగింది. కథలోని మలుపులన్నీ కింద బయటపడతాయి, గమనించండి.

చిక్కంతా ఆ ఆపరేషన్ దగ్గరే. అది ఏ భావాన్ని తీసేస్తుంది, దేన్ని వదిలేస్తుంది? నయమైనవాళ్లలో మమకారం ఉండదు, పాత స్నేహాలు సడలిపోతాయి. భయం, అసహ్యం, అధికార దాహం మాత్రం చెక్కుచెదరవు. మూడో భాగంలో, కథానాయిక లీనా స్నేహితురాలు హానాకి కాబోయే భర్త ఫ్రెడ్ నయమైనవాడే, అయినా పచ్చి క్రూరుడు. ప్రేమను తీసేసిన చోట క్రూరత్వం ఎలా మిగిలింది? ఈ ప్రశ్నని పట్టుకుని ఉంటే ఆ సమాజం నిజంగా వణికించేది. రచయిత్రి మాత్రం ఏ సన్నివేశానికి ఏది కావాలో ఆపరేషన్ అదే చేసినట్టు రాసుకుపోయారు.

లీనా తల్లికి మూడుసార్లు చేసినా ఫలించలేదు. కిటికీ తెరలు మూసేసి కూతుళ్లతో ఆడుకునే ఆ తల్లి పుస్తకం మొత్తంలో నాకు బాగా దగ్గరైన పాత్ర. లీనా తిరుగుబాటు ఆమె జ్ఞాపకంలోంచి రావాల్సింది. దాన్ని పక్కకి నెట్టి, అంతా తను ప్రేమించిన అలెక్స్ కోసమే అన్నట్టు చేశారు. ఆపరేషన్ అయినట్టు చూపే మచ్చ అలెక్స్‌కి మెడ మీద ఉంది గానీ, అది దొంగది. బయటపడితే ప్రాణానికే ముప్పు. అలా బతికేవాడికి ఉండాల్సిన జంకు గానీ, చిరాకు గానీ, కాస్త స్వార్థం గానీ ఇతనిలో వెతికినా కనపడవు. అందగాడు, ధైర్యవంతుడు, కవిత్వం వినిపిస్తాడు. లోపమే లేని మనిషిని ప్రేమించడానికి లీనా పెద్దగా తెగించాల్సిన అవసరం ఏముంది?

రచయిత్రికి రాయడం రాక కాదు. మొదటి భాగంలో ప్రతి అధ్యాయం ముందు వచ్చే ప్రభుత్వ పుస్తకం ముక్కలు, ప్రార్థనలు, పిల్లల పాటలు అద్భుతం. ‘రోమియో జూలియట్’ని బడిలో హెచ్చరిక కథగా చెప్పడం ఎంత బాగుందో!

రెండో భాగంలో వచ్చే జూలియన్ మంచి పాత్రే. మూర్ఛల మనిషి, ఆపరేషన్ తనని చంపవచ్చని తెలిసీ దానికి సిద్ధపడతాడు. అంత బరువున్న కుర్రాణ్ణి ముక్కోణ ప్రేమలో ఒక మూలగా కుదించారు. చచ్చిపోయాడనుకున్న అలెక్స్ చివర్లో తిరిగొస్తాడు, ఇక మూడో భాగంలో చాలా పేజీలు లీనా, అలెక్స్‌ల మూగ అలకలకే పోతాయి. హానా చెప్పే అధ్యాయాలు లేకపోతే పూర్తి చేయడం కష్టమయ్యేది. చివర్లో గోడలు కూలతాయి గానీ జూలియన్‌తో తేలాల్సింది తేలదు.

చదవాలనుకుంటే మొదటి భాగం ఒక్కటే చదవండి. లీనా ఊరి చుట్టూ ఉన్న కంచె దాటి, అలెక్స్ ఇవతలే ఉండిపోయిన చోట ఆపేయండి.